ఆరో పొర చీటీ

"ఆ గట్టు విరిగి నీ మీద పడితే నిన్ను బయటికి లాగేదెవరే?" అన్నాను.

అప్పటికి ఏమీ జరగలేదు. గుంత గట్టు కత్తితో కోసినట్టు నిలువుగా, నిన్న ఎలా ఉందో అలాగే ఉంది. మా అమ్మాయి నిచ్చెన మీద నాలుగైదు మెట్లు దిగి, తల మాత్రం నేలకు పైన ఉంచి నా వైపు చూసింది.

"మేస్త్రీ లాగుతాడు."

"మేస్త్రీ మీద కూడా పడితే?"

"పెద్దసారు లాగుతారు."

"ఆయనకి మోకాళ్ల నొప్పులు. వంగలేరు."

"అయితే నువ్వే లాగమ్మా. ఇప్పుడైతే వెళ్లి ముక్కలు కడుక్కో," అని గబగబా దిగిపోయింది. కింద మేస్త్రీ కిసుక్కున నవ్వడం నాకు వినబడింది. నవ్వుకోనీ. నేను మాత్రం ఆ గట్టు వంక ఇంకో రెండు నిమిషాలు చూసి, పగులేమీ లేదని నమ్మకం కుదిరాకే కదిలాను.

మా అమ్మాయిది తవ్వకాల ఉద్యోగం. ఊరి బయట ఒక చిన్న గుట్ట ఉంది. దాని మీద వెనకటి కాలంలో బౌద్ధ భిక్షువుల విహారం ఉండేదట. రెండు వేల ఏళ్లుగా మట్టి కప్పేసిన దాన్ని ఇప్పుడు తాళ్లు కట్టి, కొలతలు వేసుకుంటూ, కుంచెలతో ఊడుస్తూ బయటికి తీస్తున్నారు. మధ్యలో ఇటుకల స్తూపం, పెద్ద గిన్నె బోర్లించినట్టుగా. పైభాగం ఎప్పుడో కూలిపోయింది. దాని పక్కన చదరంగా ముంగిలి, ముంగిలికి మూడు వైపులా వరసగా గదులు. ఒక మనిషి కాళ్లు చాపుకుంటే ఇంకొకరికి చోటుండదు. గోడలో దీపం పెట్టుకునే గూడు. కొన్ని గూళ్లకు మసి ఇంకా అంటుకునే ఉంది. మొదటిసారి చూసినప్పుడు, "కిటికీ ఏదే? గాలాడక ఎంతమంది పోయారో పాపం," అన్నాను. మా అమ్మాయి తలకొట్టుకుంది.

ఆ గదుల ముందు నుంచి నడిచినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన. వీళ్లందరికీ అమ్మలు ఉండి ఉంటారు కదా. కొడుకు గుండు చేయించుకుని, గిన్నె ఒకటి పట్టుకుని గుట్టెక్కేస్తే ఆ అమ్మలు ఎలా ఉన్నారు? ఉరుము ఉరిమినప్పుడల్లా ఏమనుకున్నారు? ఈ మాట ఒకరోజు పెద్దసారుతో అనేశాను. ఆయన ఇక్కడి తవ్వకాలన్నిటికీ పెద్ద. నవ్వలేదు సరికదా, నన్ను స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచె దగ్గరికి తీసుకెళ్లి, ఒక రాయి మీది అక్షరాల వరస చూపించారు. ఫలానా భిక్షువు తల్లి ఇచ్చిన రాయి అని ఉందట. ఆవిడ పేరు లేదు. ఫలానావాడి తల్లి, అంతే. ఇక్కడ నన్నూ ఎవరూ పేరు పెట్టి పిలవరు, 'మేడమ్ వాళ్లమ్మ' అంటారు. ఆ రాయి మీద కాసేపు చెయ్యి వేసి ఉంచాను.

పక్క రాయి మీద ఒక ఖాళీ ఆసనం చెక్కి ఉంది. పైన గొడుగు, కింద రెండు పాదాలు, చుట్టూ జనం చేతులు జోడించి వంగి ఉన్నారు. మధ్యలో ఎవరూ లేరు. "బుద్ధుడేడండీ?" అని అడిగాను. "ఉన్నట్టే లెక్కమ్మా. అప్పట్లో ఆయన బొమ్మ చెక్కేవాళ్లు కాదు," అన్నారు పెద్దసారు. మా అమ్మాయి వాళ్ల నాన్న పోయాక ఆయన కుర్చీలో మేమిద్దరం ఏడాది పాటు కూర్చోలేదు. ఆ సంగతి పెద్దసారుకి చెప్పలేదు.

నేను ఈ పనిలోకి ఎలా వచ్చానంటే, మా అమ్మాయి వల్లే. ఇక్కడ గది అద్దెకు తీసుకున్న కొత్తలో రోజుకి పదిహేనుసార్లు ఫోన్ చేసేదాన్ని. పాము కరిచిందా, ఎండ తగిలిందా, నీళ్లు తాగావా అని. ఒకరోజు గుంతలో కొలత తీస్తుండగా నా ఫోన్ మోగి, చేతిలో టేపు జారి, మళ్లీ మొదటి నుంచి కొలవాల్సి వచ్చిందట. "ఇంట్లో కూర్చుని నన్ను చంపే బదులు ఇక్కడికొచ్చి నా కళ్ల ముందు కూర్చో," అని పెంకులు కడిగే పనిలో పెట్టించింది.

పని కష్టమేం కాదు. గుంతలో దొరికిన కుండపెంకులు సంచుల్లో వస్తాయి. ప్రతి సంచిలో ఒక అట్ట చీటీ. దాని మీద గుంత ఏదో, ఎన్నో పొరో, ఏ తారీఖో మా అమ్మాయి చేతిరాతతో ఉంటుంది. పొరలు పైనుంచి లెక్క. మూడో పొరంటే విహారం పాడుబడ్డాక ఎక్కణ్నుంచో కొట్టుకొచ్చి చేరిన మట్టి. ఆరో పొరంటే నాలుగో గది నేలకు కూడా కింద ఉన్నది. ఒక సంచి తొట్టిలో పోసి, మెత్తటి బ్రష్‌తో కడిగి, జల్లెడ అడుగున్న తట్టలో పరిచి, చీటీని ఆ తట్టలోనే రాయి కింద పెట్టి ఎండబెట్టాలి. ఎండాక మా అమ్మాయి సన్నటి కలంతో ఒక్కో పెంకు మీదా సంఖ్య వేస్తుంది. సంఖ్య పడేదాకా ఆ పెంకు ఎక్కడిదో చెప్పేది చీటీ ఒక్కటే. "ముక్క ఎక్కడికెళ్తే చీటీ అక్కడికెళ్లాలి. మిగతాదంతా మర్చిపోయినా ఇది మర్చిపోకమ్మా," అని మొదటి రోజే చెప్పింది.

నాతో పాటు కడిగే ఆవిడని అందరూ నవ్వులక్క అంటారు. నవ్వకుండా మాట పూర్తి చేయలేదు. "వదినా, మన ఇంట్లో గిన్నెలు పనిమనిషికేసి, ఇక్కడికొచ్చి రెండు వేల ఏళ్ల కిందటి అంట్లు తోముతున్నాం చూడు," అనేది.

ఆ ఆరో పొర కోసమే మా అమ్మాయి రెండేళ్లుగా కొట్టుకుంటోంది. నాలుగో గది కింద ఇంకో నేల ఉంది, అంటే ఈ గదులు కట్టకముందే ఇక్కడ ఇంకో పాత విహారం ఉంది అని దాని మాట. పెద్దసారు ఒప్పుకోలేదు. అది నేల కాదు, వరదకి గట్టిపడ్డ బురద అని ఆయన మాట. తిట్టుకోలేదు కానీ, ఇద్దరూ టీ తాగుతూ కూడా ఆ బురద గురించే మాట్లాడుకునేవారు. పై ఆఫీసు నుంచి ముగ్గురు పెద్దవాళ్ల కమిటీ రావాల్సి ఉంది. వాళ్లకి నమ్మకం కుదిరితే వచ్చే ఏడు కూడా నాలుగో గది గుంత తవ్వుతారు, ఆ పని మా అమ్మాయి చేతికిస్తారు. కుదరకపోతే గుంత పూడ్చేస్తారు. దానికి అన్నం సయించడం మానేసింది. నేను ఊరుకుంటానా? "కమిటీ వచ్చే బస్సు ఏ లోయలోనో పడితే?" అని కూడా భయపడ్డాను.

కమిటీ రావడానికి రెండు వారాల ముందు, ఒక మధ్యాహ్నం. నవ్వులక్క పన్ను పీకించుకోడానికి సెలవు పెట్టింది. షెడ్డు బయట బల్లల మీద ఎనిమిది తట్టలు ఎండుతున్నాయి. ఉన్నట్టుండి గాలి లేచింది. దక్షిణం వైపు మబ్బు కమ్ముకొచ్చింది. వాన పడితే పెంకులన్నీ తడిసిపోతాయి, దాని రెండేళ్ల కష్టం కొట్టుకుపోతుంది అనిపించింది. రెండు వేల ఏళ్లు మట్టిలో నానినవి, గంట ముందు నా చేత్తో నేనే నీళ్లలో ముంచి తోమినవి, వానకి పాడైపోతాయని పరిగెత్తాను. అప్పుడు ఆ మాట తట్టలేదు.

ఒక్కొక్కటి మోస్తే ఆలస్యమని రెండేసి తట్టలు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాను. రెండో విడతలో గడప తగిలింది. పడలేదు, కానీ పై తట్ట జారింది, దాన్ని ఆపబోతే కిందిది తిరగబడింది. రెండింటి పెంకులూ ఒకే కుప్పగా నేల మీద పడ్డాయి. చీటీలు రెండూ గాలికి ఎగిరి షెడ్డు మూలకి పోయాయి. ఏరి తెచ్చి చూస్తే ఒకదాని మీద మూడు, ఒకదాని మీద ఆరు.

వాన ఒక్క చుక్క కూడా పడలేదు. పావుగంటలో మబ్బు తేలిపోయింది.

నేల మీద కూర్చుని ఆ పెంకుల్ని చూశాను. అప్పుడే నేరుగా గుంత దగ్గరికి వెళ్లి చెప్పాల్సింది. వెళ్లలేదు. ముతకవి, ఎర్రవి ఒక తట్టలో, నున్నటివి, నల్లటివి ఒక తట్టలో సర్దాను. నల్లవి పాతవని ఎప్పుడో పెద్దసారు అంటే విన్నాను. అదే నా చదువు. నల్లవాటి మీద ఆరో పొర చీటీ, ఎర్రవాటి మీద మూడో పొర చీటీ పెట్టాను. చీటీల మీద రాళ్లు కూడా సరిగ్గా సర్దాను.

సాయంత్రం మా అమ్మాయి వచ్చి లోపలున్న తట్టలు చూసి పకపకా నవ్వింది. "వానొస్తుందని మోశావా? అవి తడిస్తే ఏమవుతుందమ్మా, జలుబు చేస్తుందా?" అని నా భుజం మీద తల పెట్టింది. చెప్పబోయాను. దాని జుట్టులోంచి మట్టి రాలి నా ఒళ్లో పడింది. చెప్పడం మాని ఆ మట్టి దులుపుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత అది షెడ్డులో పెంకుల మీద సంఖ్యలు వేస్తూ కేక పెట్టింది. తేలు కుట్టిందనుకుని బ్రష్ విసిరేసి పరిగెత్తాను. చేతిలో ఒక నల్లటి పెంకు, గిన్నె అంచు ముక్క. ఎండలో ఏటవాలుగా పట్టుకుంటే దాని మీద గీసిన నాలుగు అక్షరాలు. తడిగా ఉన్నప్పుడు కనబడనివి ఆరాక తేలాయి. పెద్దసారు మోకాళ్ల సంగతి మర్చిపోయి వచ్చారు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. ఎవరో భిక్షువు పేరులో సగమట. తన గిన్నె వేరేవాళ్ల గిన్నెలో కలిసిపోకుండా గుర్తు పెట్టుకున్నాడట.

"అన్నీ వదిలేసి వచ్చినవాళ్లకి కూడా గిన్నె మారుతుందని బెంగేనా?" అంది నవ్వులక్క, వాచిన చెంప పట్టుకుని.

పెద్దసారు అద్దం దించారు. "ఈ తీరు అక్షరాలు ఈ గదులు కట్టడానికి చాలా ముందు రాసేవారని మనకి తెలుసు. ఇది ఆరో పొరలో ఉందంటే ఆ పొర వయసూ అంతే. మూడో పొరలో దొరికితే ఎక్కణ్నుంచో కొట్టుకొచ్చిందనేవాణ్ని. ఆరోది..." అని ఆగి, మా అమ్మాయికి చెయ్యి అందించారు. "ఓడిపోయానమ్మా. నేలే. బురద కాదు."

మా అమ్మాయి నన్ను పట్టుకుని గిర్రున తిప్పింది. "నువ్వు కడిగిన ముక్కేనమ్మా! నీ చేత్తో కడిగిందే!" అంటోంది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నేను తట్టలోని ఆ చీటీ వంకే చూస్తున్నాను.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకే తెలియాలి. సగానికి సగం నేను పెట్టిందే నిజం కావచ్చు కదా అనుకునేదాన్ని. నల్లవి పాతవే కదా అనుకునేదాన్ని. ఆ మరుక్షణం ఇంకొకటి. ఇంకెప్పుడో, ఇంకెవరో వచ్చి తప్పని తేలుస్తారు. పది దేశాల వాళ్ల ముందు నా కూతుర్ని దొంగ అంటారు. దాని డిగ్రీ లాక్కుంటారు. నన్ను పోలీసులు తీసుకెళ్తారు, ఇది ఒక్కతే ఆ గదిలో ఉంటుంది. నేను పడే భయాల్లో నూటికి తొంభై తొమ్మిది ఉత్తవేనని నాకు తెలుసు. ఈ ఒక్కటి ఉత్తది కాదు. మిగతావన్నీ నోరు నొప్పి పుట్టేదాకా అంటాను, దీన్ని మాత్రం అనలేకపోయాను.

కమిటీ వచ్చే ముందు రోజు సాయంత్రం మా గదిలో అది చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ చెప్పాల్సింది వల్లె వేస్తోంది.

"అమ్మా, నువ్వు కమిటీ అనుకో. మంచం మీద కూర్చో. ప్రశ్నలు అడుగు."

"నేనేం అడుగుతానే, ఏడో తరగతి చదువుతో?"

"నీకు అడగడం రాదా? పుట్టినప్పట్నుంచీ నన్ను అడుగుతూనే ఉన్నావుగా. ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడొస్తావు. అలాగే అడుగు."

కూర్చున్నాను. "ఆ ముక్క ఎక్కడ దొరికింది?"

"కమిటీ మర్యాదగా మాట్లాడుతుందమ్మా. అండీ అనాలి."

"ఎక్కడ దొరికిందండీ?"

"నాలుగో గది కిందండీ. ఆరో పొరలో."

"ఆరో పొరదేనని ఎలా తెలుసు?"

"చీటీ ఉందండీ."

"ఆ చీటీ ఎవరు పెట్టారు?"

"గుంతలో నేనే రాసి సంచిలో వేశానండీ."

"సంచిలో సరే. తట్టలో?"

అది ఇస్త్రీ పెట్టె ఆపి నవ్వింది. "అబ్బో, ఈ కమిటీకి అనుమానాలెక్కువే. తట్టలో మా అమ్మ పెట్టిందండీ. మా అమ్మ సంగతి మీకు తెలీదు. గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి చివరి నుంచి మూడుసార్లు వెనక్కొచ్చే మనిషి. ఆవిడ చేతిలో చీటీ మారదు."

"మారింది," అన్నాను.

అది ఇంకా నవ్వుతూనే ఉంది. "కమిటీ అలా అనకూడదమ్మా."

"కమిటీ కాదే. నేను. ఆ మబ్బు పట్టిన రోజు రెండు తట్టలు కలిసిపోయాయి. మూడోదీ ఆరోదీ. నాకు తోచినట్టు పంచి చీటీలు పెట్టేశాను."

చొక్కా కాలర్ కాలిన వాసన వచ్చింది. లేచి ఇస్త్రీ పెట్టె తీగ పీకేశాను. అది నా చేతుల వంకే చూస్తోంది. "ఏ తారీఖు?" అంది. చెప్పాను. "ఏ తట్టలు?" చెప్పాను. "రెండే కలిశాయా, మిగతావి కూడానా?" రెండే అన్నాను. కాగితం తీసి అన్నీ రాసుకుంది. "సరే," అంది. కాలిన చొక్కా మడిచి పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది. అప్పటికి ఇంకా చీకటి కూడా పడలేదు.

మర్నాడు కమిటీ వచ్చింది. ఇద్దరు మగవాళ్లు, తెల్లజుట్టు మేడమ్ ఒకావిడ. షెడ్డులో బల్ల మీద ఆ పెంకుని నల్లగుడ్డ పరిచి పెట్టారు. నేను తొట్టి దగ్గర తల వంచుకుని, కడిగిన ముక్కనే మళ్లీ కడుగుతున్నాను. మా అమ్మాయి నిలబడింది.

"ఈ ముక్క ఆరో పొరదని నేను చెప్పలేను," అంది. "మూడోదైనా కావచ్చు. ఆరబెట్టే చోట రెండు తట్టలు కలిశాయి. ఆ చోటు నేను చూసుకోవాల్సింది. నిన్నటి వరకూ నాకు తెలియదు. ఇవాళ రిజిస్టర్లో 'పొర తెలియదు' అని దిద్దాను."

పెద్దసారు ముఖం పాలిపోయింది. తెల్లజుట్టు మేడమ్ కళ్లజోడు పైనుంచి చూసి, "ఆ సమయంలో ఇక్కడ ఎవరున్నారు?" అని అడిగింది.

"నేను ఉండాల్సింది," అంది మా అమ్మాయి.

నా కాళ్లు నన్ను అడక్కుండానే లేచాయి. చేతుల నుంచి బురదనీళ్లు కారుతుంటే అలాగే వెళ్లి నిలబడ్డాను. "నేనండీ. దానికేం తెలీదు. తట్టలు పడేసిందీ నేనే, చీటీలు పెట్టిందీ నేనే, చెప్పకుండా దాచిందీ నేనే."

"ఎందుకు మోశారమ్మా?" అంది ఆవిడ.

"వానొస్తుందని."

"వచ్చిందా?"

"రాలేదండీ."

మగవాళ్లలో ఒకాయన దగ్గినట్టు నవ్వు దాచుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. ఏదో రాసుకుంది. పెంకుని తిప్పి, విరిగిన అంచు వేలితో తడిమి, "ఆరో పొర సంచులు కడగనివి ఇంకా ఉన్నాయా?" అని అడిగింది.

"పదకొండు," అంది మా అమ్మాయి.

"ఇదే గిన్నెకి చెందిన ఇంకో ముక్క వాటిల్లో దొరికి, ఈ అంచుకి అతికితే, ఇదీ అక్కడిదే. వెతకండి. తవ్వకం కాలం ముగియడానికి తొమ్మిది రోజులున్నాయి. దొరకకపోతే పూడ్చేయండి."

ఆ తొమ్మిది రోజులూ నేనూ నవ్వులక్కా నడుము ఎత్తలేదు. ఒక సంచి అయ్యేదాకా ఇంకోటి ముట్టేవాళ్లం కాదు. మా అమ్మాయి ఆ అక్షరాల ముక్కకు మట్టి అచ్చు తీసి, బల్ల దగ్గర కూర్చుని ప్రతి పెంకునీ దాని అంచుకి ఆనించి చూసేది. నాతో పని మాటలే. "ఆ బ్రష్ ఇవ్వు." "ఈ తట్ట అయింది." ఇంట్లో అదీ లేదు. అన్నం పెడితే తినేది, కంచం కడిగేది, పడుకునేది. నేనే ఆ ఖాళీని నింపడానికి నీళ్ల మోటారు గురించి, పక్కింటి కుక్క గురించి, ఆ కుక్క కరిస్తే వేయించుకోవాల్సిన సూదుల గురించి మాట్లాడేదాన్ని. సూదులు ఎన్నో కూడా అది అడిగేది కాదు.

"వదినా, మీ ఇద్దరికన్నా ఆ భిక్షువులే నయం," అంది నవ్వులక్క. "మౌనం పట్టినా సైగలైనా చేసుకునేవాళ్లు."

ఆరో రోజు ఒక నల్లముక్క అచ్చు అంచుకి సరిగ్గా కూర్చుంది. నేను తొట్టి దగ్గర్నుంచే చూస్తున్నాను. మా అమ్మాయి కొలత పరికరంతో మందం చూసింది. మళ్లీ చూసింది. మందం కలవక తల అడ్డంగా ఊపి ఆ ముక్కని మెల్లగా తట్టలో పెట్టేసింది. పారేసినట్టు కాకుండా, ఎవరినో పడుకోబెట్టినట్టు పెట్టింది. దాని చేతులు నా చేతుల్లాగే ఉంటాయని అప్పుడు గమనించాను.

పదకొండో సంచి కూడా అయిపోయింది. అతుకు దొరకలేదు.

చివరి రోజు గుంత పూడ్చారు. ముందు నేల మీద గుడ్డ పరిచారు. దాని మీద జల్లించిన ఇసుక పోశారు, ఎప్పుడైనా ఎవరైనా మళ్లీ తవ్వితే ఎక్కడ ఆగామో తెలియాలని. ఆ పైన మామూలు మట్టి. పెద్దసారు కర్ర ఆనించుకుని నిలబడి, "ఇన్నాళ్లూ మట్టే కాపాడింది. ఇంకొన్నాళ్లు కాపాడుతుందిలే," అన్నారు మా అమ్మాయితో. తర్వాత నా వైపు తిరిగి, "మీరు వచ్చే ఏడు కూడా పనికి రండమ్మా," అని వెళ్లిపోయారు. అది దయో, మర్యాదో నాకు తెలియలేదు.

మా అమ్మాయి నాలుగో గది గోడ మీద కూర్చుంది. నేను వెళ్లి దాని పక్కన కూర్చున్నాను. గోడ ఇటుకలు ఎండకి వెచ్చగా ఉన్నాయి. మేస్త్రీ మనుషులు మట్టి తట్టలు తెచ్చి పోస్తున్నారు. ఒకతను దిగి కాళ్లతో తొక్కుతున్నాడు.

"ఒక మాట అడుగుతానే," అన్నాను. "నేను చెప్పకుండా ఉండి ఉంటే బాగుండేదా? నిజం చెప్పు. బాగుండేదంటే నేనేం అనుకోను."

తట్ట వచ్చింది, పోశారు. ఇంకో తట్ట వచ్చింది. అడుగున ఉన్న ఇసుక ఇక కనబడటం లేదు. మేస్త్రీ పైనుంచి ఏదో అరిచాడు, కిందివాడు పక్కకి జరిగాడు. నేను చీర అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చున్నాను. ఇంకేదో అడగాలని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. మట్టి సగం దాకా వచ్చింది. తొక్కుతున్న మనిషి తల ఇప్పుడు మా మోకాళ్ల ఎత్తుకి వచ్చింది. నీడ ముంగిలి దాటి స్తూపం మెట్లదాకా పోయింది.

"లేదు," అంది.

వేలికి చుట్టుకున్న చీర అంచు వదిలేశాను.

"కానీ తట్టలు కలిసిన రోజే చెప్పాల్సిందమ్మా. అరిచేదాన్ని. బాగా అరిచేదాన్ని. అరిచి, సాయంత్రానికి మర్చిపోయేదాన్ని."